పొడిగాలిలో పంట నీటి లెక్క: అంచనా ఎక్కడ తప్పుతుంది?

సాగునీటి లెక్కలో జమ వైపు ఉన్నవన్నీ కంటికి కనిపిస్తాయి. కాలువలో ఎంత నీరు పారిందో, మోటారు ఎన్ని గంటలు నడిచిందో, ఎంత వాన కురిసిందో కొలవవచ్చు. ఖర్చు వైపున ఉన్న అతి పెద్ద పద్దు మాత్రం ఎవరికీ కనిపించకుండా గాలిలో కలిసిపోతుంది. తడి నేల పైపొర నుంచి నేరుగా ఆవిరయ్యే నీరు కొంత, వేళ్లు పీల్చుకోగా ఆకుల మీది పత్రరంధ్రాల గుండా బయటికి పోయే నీరు కొంత. పొలంలో ఈ రెండింటినీ విడదీసి కొలవడం కష్టం కాబట్టి, కలిపి ఇవాపోట్రాన్స్‌పిరేషన్ అనీ, పొట్టిగా ఈటీ అనీ వ్యవహరిస్తారు.

తేమ ఎక్కువగా ఉండే ప్రాంతాల్లో ఈ అంచనా కాస్త అటూ ఇటూ అయినా వచ్చే వాన దాన్ని సరిచేస్తుంది. పొడి ప్రాంతాల్లో అలాంటి వెసులుబాటు లేదు. తక్కువ అంచనా వేస్తే పంట బెట్టకు వస్తుంది. ఎక్కువ అంచనా వేస్తే నీరు వృథా కావడమే కాక, మురుగు పోయే దారి సరిగా లేని చోట భూగర్భ నీటిమట్టం పైకి లేచి, దానితో పాటు ఉప్పు కూడా వేళ్ల దాకా వస్తుంది. అందుకే ఎన్నో సూత్రాలు పుట్టాయి, ఏ సూత్రం మంచిదన్న చర్చ దశాబ్దాలుగా సాగింది. అయితే ఈనాడు పొడి ప్రాంతపు లెక్క దారి తప్పేది సూత్రం దగ్గర కన్నా, ఆ సూత్రానికి మనం అందించే గాలి సమాచారం ఎక్కడ కొలిచినదన్న దగ్గరే ఎక్కువ.

ముందుగా శక్తి సంగతి చూడాలి. ఒక కిలో నీరు ఆవిరి కావాలంటే సుమారు 2.45 మెగాజౌళ్ల గుప్తోష్ణం కావాలి. చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు లోతు నీరంటే సరిగ్గా ఒక లీటరు, అంటే ఒక కిలో. హెక్టారుకు లెక్కిస్తే 10 ఘనపు మీటర్లు, ఎకరానికైతే 4,000 లీటర్ల పైచిలుకు. అందువల్ల పొలం మీద నికరంగా ఎంత సౌరశక్తి నిలిచిందో తెలిస్తే, అది గరిష్ఠంగా ఎన్ని మిల్లీమీటర్లను ఆవిరి చేయగలదో వెంటనే చెప్పవచ్చు. తేమ ప్రాంతాల్లో కథ దాదాపు ఇక్కడితో ముగుస్తుంది, ఎందుకంటే అక్కడ సూర్యుడిచ్చిన శక్తే ప్రధాన పెట్టుబడి. పొడి ప్రాంతంలో అలా కాదు. చుట్టూ మైళ్ల కొద్దీ ఎండిన నేల వేడెక్కుతుంది, ఆ వేడిని గాలి మోసుకొచ్చి పచ్చని పొలం మీద వదులుతుంది. అప్పుడు పంట తన మీద పడిన ఎండతో పాటు పక్క భూముల మీద పడిన ఎండను కూడా ఖర్చు చేస్తుంది. దీనినే అడ్వెక్షన్ అంటారు, ఈ వ్యాసంలోని చిక్కుముళ్లలో చాలావరకు దాని చుట్టూ అల్లుకున్నవే.

ఈటీని నిజంగా కొలవడానికి లైసీమీటరును మించిన సాధనం లేదు. పొలం మధ్యలో ఒక పెద్ద మట్టి తొట్టెను నేలమట్టానికి పాతి, అందులోనూ అదే పంటను పెంచి, తొట్టె మొత్తాన్ని కాటా మీద నిలుపుతారు. బరువు ఎంత తగ్గితే అంత నీరు పోయినట్టు. టెక్సస్‌లోని బుష్‌లాండ్ పరిశోధనా కేంద్రంలో మూడు మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు, రెండు మీటర్లకు పైగా లోతు ఉన్న ఇలాంటి తొట్టెలు దశాబ్దాలుగా పనిచేస్తున్నాయి. వేడిగాలి వీచే రోజుల్లో బాగా తడిపిన పంట నుంచి ఒక్కరోజులో 10 మిల్లీమీటర్లకు మించి నీరు పోవడం అక్కడ కొత్తేమీ కాదు. కానీ ఇంత పెద్ద సాధనాన్ని ప్రతి పొలంలోనూ పాతడం అయ్యే పని కాదు.

అందుకే చౌకైన దారిగా పాన్ వచ్చింది. క్లాస్-ఎ పాన్ అంటే 120.7 సెంటీమీటర్ల వ్యాసం, 25 సెంటీమీటర్ల లోతు గల గుండ్రటి లోహపు పళ్లెం. నేలకు 15 సెంటీమీటర్ల ఎత్తున చెక్క చట్రం మీద ఉంచి, రోజూ నీటిమట్టం ఎంత తగ్గిందో చూస్తారు. పళ్లెంలోని నీటికి పత్రరంధ్రాలు ఉండవు, పగలు దాచుకున్న వేడితో అది రాత్రి కూడా ఆవిరవుతూనే ఉంటుంది. కాబట్టి ఆ కొలతను ఒక గుణకంతో తగ్గించాలి. ఆ గుణకం పళ్లెం చుట్టూ ఉన్న పరిసరాలను బట్టి దాదాపు 0.35 నుంచి 0.85 దాకా మారుతుంది. పచ్చిక మధ్యలో పెట్టిన పళ్లెమూ, బీడు మధ్యలో పెట్టిన పళ్లెమూ ఒకే ఊళ్లో ఒకే రోజున వేరువేరు జవాబులిస్తాయి. పాన్‌ను చాలామంది మోటు సాధనమని తీసిపారేస్తారు గానీ, కొలిచే చోటు ఎంత ముఖ్యమో అది దాచకుండా చూపిస్తుంది. సూత్రాలు ఆ విషయాన్ని కప్పిపుచ్చుతాయి.

ఆ సూత్రాల చరిత్ర క్లుప్తంగా ఇదీ. 1948లో అమెరికా వాతావరణ శాస్త్రవేత్త థార్న్‌త్‌వెయిట్ కేవలం ఉష్ణోగ్రత ఆధారంగా ఒక పద్ధతిని ఇచ్చాడు. అది పొడి ప్రాంతాల్లో చాలా తక్కువ చూపుతుందని తర్వాత తేలింది. అదే ఏడాది ఇంగ్లండులో పెన్‌మన్ శక్తి లెక్కనూ, గాలి లెక్కనూ ఒకే సమీకరణంలో కలిపాడు. 1965లో మాంటీత్ దానికి ఆకుల నిరోధాన్ని, అంటే నీరు బయటికి పోకుండా ఆకులు వేసే అడ్డును, చేర్చడంతో, చెరువులాంటి తెరిచి ఉన్న నీటి కోసం పుట్టిన సమీకరణం పంటకు కూడా సరిపోయింది. 1985లో హార్‌గ్రీవ్స్, సమానీలు గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతలు మాత్రమే ఉంటే సరిపోయే సులువైన సూత్రాన్ని ఇచ్చారు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ అయిన ఎఫ్ఏఓ 1998లో వెలువరించిన 56వ సంచిక పెన్‌మన్-మాంటీత్‌ను ప్రామాణికంగా నిలబెట్టింది. సాగునీటి లెక్క చెప్పే ఇప్పటి మొబైల్ యాప్‌లలో చాలావాటి లోపల నడిచేది అదే.

ఈ ప్రామాణిక పద్ధతి మొదట ఒక ఊహా పొలాన్ని నిర్వచిస్తుంది. 12 సెంటీమీటర్ల ఎత్తున సమంగా పెరిగి, నేలను పూర్తిగా కప్పి, నీటి కొరత ఎరుగని పచ్చగడ్డి అది. మీద పడిన కాంతిలో 23 శాతాన్ని వెనక్కి పంపుతుంది. ఆ గడ్డి రోజుకు కోల్పోయే నీటిని ప్రామాణిక ఈటీ అంటారు. దానిని మన పంటకు సంబంధించిన పంట గుణకంతో హెచ్చిస్తే పంట ఈటీ వస్తుంది. ఆకాశం ఎంత నీరు అడుగుతున్నదన్నది మొదటి సంఖ్యలోనూ, పంట అందుకు ఎలా స్పందిస్తుందన్నది రెండో సంఖ్యలోనూ ఉండేలా ఈ పద్ధతిని అమర్చారు. అయితే ఇందులో పైకి కనిపించని ఒక షరతు ఉంది: సూత్రంలో వేసే ఉష్ణోగ్రత, తేమ, గాలివేగం ఆ పచ్చగడ్డి మీద కొలిచినవే అయి ఉండాలి.

ఆ షరతు తప్పితే ఏమవుతుందో ఒక లెక్క చేసి చూద్దాం. సముద్రమట్టానికి దగ్గరలో ఉన్న ఒక చోట వేసవి రోజున గరిష్ఠ ఉష్ణోగ్రత 40 డిగ్రీలు, కనిష్ఠం 24 డిగ్రీలు అనుకుందాం. వాతావరణం పై అంచున చదరపు మీటరుకు 40 మెగాజౌళ్ల సౌరశక్తి, నేల మీద అందులో 25.6 మెగాజౌళ్లు పడుతున్నాయనుకుందాం. ఈ వివరాలతో హార్‌గ్రీవ్స్ సూత్రం సుమారు 7.5 మిల్లీమీటర్లు అంటుంది. ఆ రోజు గాలి వీచిందా, ఆ గాలిలో తేమ ఉందా అన్నది దానికి అక్కర్లేదు.

ఇప్పుడు అదే రోజుకు పెన్‌మన్-మాంటీత్‌ను రెండు రకాల గాలితో నడుపుదాం. మొదటి సందర్భంలో గాలి సెకనుకు 2 మీటర్ల వేగంతో వీస్తోంది, తుషార స్థానం 22 డిగ్రీలు, అంటే గాలిలోని ఆవిరి మంచుగా పేరుకునే ఉష్ణోగ్రత రాత్రి కనిష్ఠానికి రెండు డిగ్రీలే దిగువన ఉంది. జవాబు సుమారు 7.2 మిల్లీమీటర్లు. రెండో సందర్భంలో గాలి సెకనుకు 4 మీటర్లు, తుషార స్థానం 10 డిగ్రీలు. జవాబు 10.8 మిల్లీమీటర్లకు చేరుతుంది. ఉష్ణోగ్రతలు మారలేదు, ఎండ మారలేదు, హార్‌గ్రీవ్స్ సంఖ్య కూడా మారలేదు, కానీ లెక్కలో నీటి నష్టం ఒకటిన్నర రెట్లయింది. రెండో సందర్భంలో నికర సౌరశక్తి మొత్తాన్ని ఆవిరి చేయడానికే వాడినా 5.5 మిల్లీమీటర్లకు మించి పోదు. మిగిలిన అయిదు మిల్లీమీటర్ల పైచిలుకుకు కావలసిన శక్తి గాలి తెచ్చిన వేడిలోంచి రావాలి.

దీన్ని చూసి, ఉష్ణోగ్రత ఒక్కదానితో లెక్క కట్టే పద్ధతులు పొడి, గాలి ప్రాంతాలకు పనికిరావని చాలా వ్యాసాలు తీర్మానించి ఆగిపోతాయి. కానీ 10.8 అన్న సంఖ్య నిజమా అని అడగాలి. రోజుల తరబడి తడుపుతున్న విశాలమైన పచ్చిక మీద రాత్రి గాలి చల్లబడి, తెల్లవారుజామున తుషార స్థానానికి దగ్గరగా వస్తుంది. అందుకే అలాంటి చోట కనిష్ఠ ఉష్ణోగ్రతకూ తుషార స్థానానికీ మధ్య తేడా చిన్నదిగా ఉంటుంది. పొడి ప్రాంతాల్లో కూడా ఆ తేడా రెండు, మూడు డిగ్రీలు దాటదు. మన రెండో సందర్భంలో అది 14 డిగ్రీలు. అంటే ఆ కొలతలు పచ్చిక మీద కొలిచినవి కావు; విమానాశ్రయం పక్కనో, ఎండిన బీడు నడుమనో ఉన్న స్టేషనువి అయి ఉండాలి. ఆ బీడు గాలిని సూత్రంలో వేసి, అదే గాలి పచ్చని పొలం మీద కూడా ఉందనుకుంటే, పొలం తన చుట్టూ ఉన్న గాలిని చల్లబరచి తేమగా మార్చుకుంటుందన్న సంగతిని మరచిపోయినట్టే.

దీనికి ఎఫ్ఏఓ పద్ధతిలోనే ఒక దిద్దుబాటు ఉంది, కానీ అది అనుబంధంలో ఉండడం వల్ల వాడేవారు తక్కువ. కనిష్ఠానికీ తుషార స్థానానికీ ఉన్న తేడాలో రెండు డిగ్రీలకు మించిన భాగాన్ని తీసుకుని, అందులో సగాన్ని గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతల నుంచి తగ్గించి, మిగతా సగాన్ని తుషార స్థానానికి కలుపుతారు. మన ఉదాహరణలో మించిన భాగం 12 డిగ్రీలు కాబట్టి గరిష్ఠం 34, కనిష్ఠం 18, తుషార స్థానం 16 అవుతాయి. అదే గాలివేగంతో మళ్లీ లెక్కిస్తే ప్రామాణిక ఈటీ 10.8 నుంచి 7.6 మిల్లీమీటర్లకు దిగుతుంది. రోజుకు హెక్టారుకు 32 ఘనపు మీటర్ల తేడా అది. హార్‌గ్రీవ్స్ సూత్రం చెప్పిన 7.5కు ఇది దగ్గరగా రావడం పూర్తిగా కాకతాళీయం కాదు. ఆ సూత్రాన్ని కాలిఫోర్నియాలోని డేవిస్‌లో, నీరు పెట్టిన పచ్చిక లైసీమీటరు కొలతల మీద సరిచూసి తయారు చేశారు.

అయితే ఈ దిద్దుబాటును గుడ్డిగా అన్నిచోట్లా వేయకూడదు. వందల హెక్టార్లు ఒకే పచ్చదనంగా ఉన్న ఆయకట్టు నడిమధ్యలో అది న్యాయమైనది. ఎడారిలో ఒంటరిగా ఉన్న చిన్న మడికి, లేదా పొలం గట్టున వరుసగా ఉన్న చెట్లకు గాలిని మార్చేంత శక్తి ఉండదు. తీగ మీద ఆరేసిన తడిబట్టలా అవి నలువైపుల నుంచీ వేడిని అందుకుంటాయి. అలాంటి చోట బీడు గాలి లెక్కే వాస్తవానికి దగ్గరగా ఉండవచ్చు. గాలి వచ్చే వైపు అంచున పది మీటర్ల మేర పంట ముందుగా వాడిపోవడం పొడి ప్రాంతాల్లో ఎవరైనా గమనించగలిగే విషయమే, అక్కడి నష్టం లోపలి కన్నా ఎక్కువ. కనుక ఏ గాలిని నమ్మాలన్నది పొలం వైశాల్యమూ, దాని చుట్టూ ఏముందన్నదీ చూసి తేల్చుకోవలసిన నిర్ణయం. యాప్ ఆ పని చేయదు, జవాబును రెండు దశాంశ స్థానాల వరకు ఇచ్చి అంతా తేలిపోయినట్టు కనిపింపజేస్తుంది.

గాలివేగం విషయంలో ఇంకో చిన్న ఉచ్చు ఉంది. సూత్రం అడిగేది నేలకు 2 మీటర్ల ఎత్తున వీచే గాలి. వాతావరణ కేంద్రాలు మామూలుగా 10 మీటర్ల ఎత్తున కొలుస్తాయి. అక్కడ సెకనుకు 4 మీటర్లుంటే కింద 3 మీటర్లే. ఈ మార్పు చేయకపోతే పొడి రోజుల్లో నష్టం అంచనా అనవసరంగా పెరుగుతుంది.

ఇక పంట గుణకం. పట్టికల్లో మొక్కజొన్న మధ్యదశకు 1.20 అని ఉంటుంది. కానీ ఆ విలువ పగటి కనిష్ఠ తేమ 45 శాతం, గాలివేగం సెకనుకు 2 మీటర్లు ఉన్న వాతావరణానికి ఉద్దేశించినది. గాలి 4 మీటర్లు, తేమ 20 శాతం ఉంటే రెండు మీటర్ల ఎత్తైన మొక్కజొన్నకు అది దాదాపు 1.36 అవుతుంది, ఎందుకంటే పొట్టి గడ్డి కన్నా ఎత్తైన, గరుకైన పంట గాలిని ఎక్కువ పట్టుకుంటుంది. ఇక్కడ తప్పు మీద తప్పు పడే ప్రమాదం ఉంది. బీడు గాలిని దిద్దకుండా వాడితే 10.8ని 1.36తో హెచ్చించి 14.7 మిల్లీమీటర్లు అంటాం. దిద్దిన గాలిలో పగటి కనిష్ఠ తేమ సుమారు 34 శాతానికి పెరుగుతుంది, గుణకం 1.31కి తగ్గుతుంది, పంట ఈటీ 10 మిల్లీమీటర్ల దగ్గర ఆగుతుంది. ఒకే పొలం, ఒకే రోజు, ఒకే సూత్రం. అయినా తేడా దాదాపు సగం.

పంట చిన్నదిగా ఉన్నప్పుడు సమస్య తిరగబడుతుంది. మొలక దశలో మొక్కజొన్న గుణకం పట్టికలో 0.3 మాత్రమే ఉంటుంది, ఆ దశలో పోయే నీరంతా దాదాపు నేల నుంచే. తడిసిన ఖాళీ నేల మొదటి ఒకటి రెండు రోజులు పచ్చిక మాదిరిగానే ఆవిరి వదులుతుంది. పైపొర ఆరగానే ఆ వేగం పడిపోతుంది. కాబట్టి రెండు రోజులకోసారి పలచగా తడి ఇచ్చే పొలంలో అసలు గుణకం పట్టిక విలువకు రెట్టింపు దాటవచ్చు. దీన్ని పట్టుకోవడానికే గుణకాన్ని రెండుగా చీల్చారు: ఒకటి మొక్క ద్వారా పోయే దానికి, రెండోది నేల పైపొరకు. బిందు సేద్యంలోనూ, మల్చింగ్‌లోనూ ఆదా అయ్యేది ప్రధానంగా ఈ రెండో భాగమే. ఎదిగిన పంట ఆకుల నుంచి పోయే నీటిని డ్రిప్ తగ్గిస్తుందని అనుకోవడం భ్రమ.

అంచనా వచ్చాక అసలు ప్రశ్న తడుల మధ్య ఎడం ఎంత ఉండాలన్నది. నడిరకం ఒండ్రు నేలలో మీటరు లోతుకు పంటకు అందే నీరు 150 మిల్లీమీటర్ల దాకా ఉంటుందనుకుందాం. రోజుకు 5 మిల్లీమీటర్లు పోయే వాతావరణంలో మొక్కజొన్న ఇందులో 55 శాతాన్ని ఇబ్బంది లేకుండా తీసుకోగలదు, అంటే 82 మిల్లీమీటర్లు, పదహారు రోజులు. రోజుకు 10 మిల్లీమీటర్లు పోయే చోట అదే నేల సగం కాలమైనా ఆదుకోగలదని తోస్తుంది. కానీ డిమాండు అంత వేగంగా ఉన్నప్పుడు వేళ్లు నీటిని అందించలేక, పంట ముందుగానే బెట్టకు వస్తుంది. సులువుగా అందే వాటా 55 నుంచి 35 శాతానికి తగ్గుతుంది. 52 మిల్లీమీటర్లు అయిదు రోజుల్లో ఖర్చవుతాయి. మీటరుకు 80 మిల్లీమీటర్లే పట్టుకునే ఇసుక నేలలో మూడు రోజులు కూడా నిలవవు. పొడి ప్రాంతంలో ఇసుక నేలకు ఇచ్చిన పెద్ద తడి వేళ్ల కిందికి జారిపోవడానికీ, చిన్న తడి చాలక పంట వాడడానికీ ఇదే కారణం.

పోయే నీరు స్వచ్ఛమైనది, మిగిలే నీరు ఉప్పగా ఉంటుంది. ఈటీ ఎంత ఎక్కువైతే నేలలో అంత ఉప్పు పేరుకుంటుంది; వాన లేని చోట దాన్ని కిందికి కడగడానికి అదనపు నీరివ్వాలి. ఎంతన్నది పంటను బట్టి ఉంటుంది. నీటిలో ఉప్పును దాని విద్యుద్వాహకతతో కొలుస్తారు; అది మీటరుకు 2 డెసీసీమెన్లు ఉన్న నీటితో పత్తికి అయిదారు శాతం అదనం సరిపోతుంది, ఎందుకంటే పత్తి నేలలో 7.7 డెసీసీమెన్ల దాకా ఓర్చుకుంటుంది. 1.7 దాటితే దిగుబడి తగ్గే మొక్కజొన్నకు ఇచ్చే నీటిలో 31 శాతం కడగడానికే పోవాలి. 10 మిల్లీమీటర్ల ఈటీకి 14.5 మిల్లీమీటర్లు ఇవ్వాలన్నమాట. కాలువ పద్ధతిలో ఎలాగూ కిందికి జారే నీరు ఉంటుంది, దాన్ని ఈ పని చేసినట్టుగానే లెక్కించాలి. జారే నీటికి ఒకసారి, ఉప్పుకు ఒకసారి విడివిడిగా కలుపుకుంటే రెండుసార్లు ఖర్చు రాసినట్టే.

ఉపగ్రహాలు వచ్చాక ఈ లెక్కను పై నుంచి సరిచూసే అవకాశం కలిగింది. నీరు ఆవిరవుతున్న పొలం చల్లగా, ఆవిరి ఆగిన పొలం వేడిగా కనిపిస్తుంది. ఉపరితల ఉష్ణోగ్రతను బట్టి గాలిలోకి వెళ్లిన వేడిని లెక్కగట్టి, మిగిలిన శక్తి ఆవిరికి వెళ్లిందని తేలుస్తారు. 1998లో ప్రచురితమైన సెబాల్, 2007లో వచ్చిన మెట్రిక్ పద్ధతులు దీనిపై నిలిచినవే. అమెరికా ఉపగ్రహమైన ల్యాండ్‌శాట్ ఒక చోటి మీదుగా 16 రోజులకోసారి, రెండు ఉపగ్రహాలు కలిపి 8 రోజులకోసారి పోతుంది, అదీ ఉదయం పూట. అప్పటి చిత్రాన్ని రోజంతటికీ విస్తరించేటప్పుడు మళ్లీ గాలి అడ్డొస్తుంది: సెబాల్ ఉదయం ఉన్న ఆవిరి వాటా రోజంతా అలాగే ఉంటుందని భావించింది, కానీ మధ్యాహ్నం వేడిగాలి లేచే చోట అది తక్కువ చూపుతుంది. మెట్రిక్ ఆ చిత్రాన్ని స్థానిక వాతావరణ కేంద్రపు ప్రామాణిక ఈటీతో ముడిపెట్టి మధ్యాహ్నపు గాలిని కలుపుకుంది. దాంతో ఆ కేంద్రం ఎక్కడ ఉందన్న ప్రశ్న ఉపగ్రహపు లెక్కలోకి కూడా వచ్చి చేరింది.

కాబట్టి ఏ లెక్కనైనా నేల తేమతో తరచూ పోల్చడం తప్పదు. తడి ఇవ్వబోయే ముందు వేళ్ల లోతులో రెండు మూడు చోట్ల తేమ కొలిచి, లెక్కలో ఉన్న లోటుతో సరిచూస్తే తేడా బయటపడుతుంది. ఆ తేడా ఎప్పుడు పెరుగుతుందన్నదే దాని మూలాన్ని చెబుతుంది. గాలి ఉధృతంగా ఉన్న రోజుల్లోనే పెరుగుతుంటే ముందు స్టేషను తేమనూ, తుషార స్థానాన్నీ చూడాలి. తడి ఇచ్చిన మొదటి రెండు రోజుల్లోనే పెరిగి తర్వాత ఆగిపోతే నేల పైపొర లెక్క తప్పింది. గాలితో, తడితో సంబంధం లేకుండా రోజూ ఒకే పాళ్లలో పెరుగుతుంటే, పంట గుణకాన్ని మార్చే ముందు పొలానికి నిజంగా ఎంత నీరు చేరుతున్నదో, వేళ్లు మనం అనుకున్న లోతుకు వెళ్లాయో లేదో గుంత తవ్వి చూడాలి.